మూడు నిలువుల మట్టి

విశాఖపట్నం,
జనవరి 12, 2024.

కూర్మారావు మావకి,

మొన్న ఫోనులో నువ్వు పన్నెండు సార్లు "ఆఁ?" అన్నావు. నేను పన్నెండు సార్లు అరిచాను. ఆఖరికి నీకు అర్థమైంది నాకు పెళ్లి కుదిరిందని! కాదు మావా, నేనడిగింది మట్టి. నీ ఎడమ చెవి ఆయిలింజను మోతకి ఎప్పుడో పోయింది, కుడిది కూడా అదే దారిలో ఉన్నట్టుంది. ఇకమీదట రాస్తాను. ఏడో తరగతితో ఆపేసినా నీ దస్తూరి నాకన్నా గుండ్రంగా ఉంటుంది.

సంగతేమిటంటే, నేను ఇక్కడ పరిశోధన చేసేది ఒక చిన్న ప్రాణి మీద. ఆస్ట్రకాడ్ అంటారు. బొంబాయి రవ్వ పలుకంత ఉంటుంది, బాగా ఎదిగితే నువ్వుగింజంత. రెండు చిప్పలు, ఆలుచిప్పలాగే మూసుకుంటాయి. మధ్యలో కాళ్లున్న జీవం. నీకు తేలిగ్గా ఉండేలా చిప్పపురుగు అందాం. ఎదిగేలోపు ఎనిమిది సార్లు చిప్ప విడిచి కొత్తది కట్టుకుంటుంది. జీవం పోయినా చిప్ప మట్టిలో వేల ఏళ్లు ఉంటుంది. మంచినీటి జాతులు వేరు, సముద్రపువి వేరు, రెండూ కలిసే మొగలో బతికేవి వేరు. ఏ లోతులో ఏ చిప్ప ఉందో చూస్తే ఒకప్పుడు అక్కడ సముద్రం ఉండేదా, చెరువు ఉండేదా చెప్పొచ్చు. మనవైపు ఎవరూ రాసిపెట్టని సంగతులు ఇవి రాసిపెట్టాయన్నమాట.

అందుకని మీ నూతి అడుగు మట్టి కొంచెం కావాలి. పక్కనే చేతిబోరు దింపి, పొర మారినప్పుడల్లా గుప్పెడు తీసి, ఎంత లోతుదో చీటీ పెట్టు. పలాస బస్సు కాంప్లెక్సులో పార్సిలు వేస్తే మర్నాటికి నాకు అందుతుంది. ఉత్తరం కూడా అందులోనే పెట్టేయ్.

అత్తకి డయాలసిస్ వారానికి రెండే కదా? మూడు చేశారని అమ్మ టెక్కలి నుంచి చెప్పింది. నిజమేనా?

మట్టి కోసం ఎదురుచూస్తూ,
నీ మేనకోడలు
ప్రమోదిని


అక్కుపల్లి,
జనవరి 27.

అమ్మడూ,

ఇక్కడ మేమంతా క్షేమం అని మొదలెట్టాలని మా మాస్టారు బెత్తం పట్టుకుని నేర్పారు. సగం క్షేమం అని రాస్తున్నాను. మీ అత్తకి ఇప్పుడు వారానికి మూడే. పొద్దున్న ఆటోలో పలాస వెళ్తే ఆ రోజు పోయినట్టే.

నీ ఉత్తరం చదివి వినిపించాను. "మనుసులకే సదువు సెప్పలేక సత్తన్నారు, మట్టికి కూడా సెప్తారేటి?" అని నవ్వింది. నవ్వితే ఆయాసం, అయినా నవ్వింది.

సంచిలో ఆరు పొట్లాలున్నాయి. నాతో పనికొచ్చే దాలయ్యా నేనూ ఒక పూట కూర్చుని తీశాం. ఒక నిలువు దాకా తెల్ల ఇసక. రెండో నిలువు దాకా ఎర్రది. మూడో నిలువులో నల్లమట్టి, మురిగిన వాసన, గవ్వ ముక్కలు. నూతి అడుగుది విడిగా డబ్బాలో ఉంది, తడి ఆరనివ్వలేదు.

నేను ఇప్పటికి నలభై మూడు నూతులు తవ్వాను. మొదటిది ఇదే. పెళ్లయిన ఏడాది, ఇల్లు కూడా లేవకముందు. నేను లోపల తవ్వితే మీ అత్త పైనుంచి గంప లాగింది. కుళాయి వచ్చాక కూడా వీధిలో సగం మంది తాగడానికి ఈ నీళ్లే తోడుకెళ్తారు. "కూర్మారావు నూతి నీటితో పప్పుడికినట్టు దేనితోనూ ఉడకదు" అంటారు.

ఇప్పుడు ఒక మాట అడుగుతాను. మీ అత్త ఇరవై ఆరేళ్లుగా ఈ నీళ్లే తాగింది. కిడ్నీలు పోవడానికి కారణం నీళ్లంటారు కొందరు, ఎండలో పనంటారు కొందరు, మందు బిళ్లలంటారు కొందరు. తేల్చి చెప్పినవాళ్లు లేరు. వేల ఏళ్ల కింద సముద్రం ఎక్కడుందో చెప్పే మట్టి, ఈ పాతికేళ్లలో నా నుయ్యి మనిషికి కీడు చేసిందో లేదో చెప్పదా? ఉన్నదున్నట్టు రాయి. మీ అత్తకి తెలియకుండా అడుగుతున్నాను.

మీ మావ
కూర్మారావు


విశాఖపట్నం,
ఫిబ్రవరి 18.

మావా! మావా!

దొరికాయి. నీ నూతి అడుగు మట్టిలో పురుగులున్నాయి! ఒకటీ రెండూ కాదు, చెంచాడు మట్టికి వందలు. బతికున్నవి కూడా. గాజుపళ్లెంలో నీళ్లు పోయగానే చకచకా ఈదేశాయి. నేను పెట్టిన కేకకి నా గదిలో ఉండే జయశ్రీ చేతిలో టీ ఒలికింది. మా గైడు సూర్యప్రకాష్ సారు మైక్రోస్కోపులోంచి రెండు నిమిషాలు తల ఎత్తలేదు. మా సారు దగ్గర అదే పొగడ్త.

సన్నని కుంచెని తడిపి, ఒక్కో చిప్పనీ దాని కొసతో ఎత్తి నల్లటి అట్ట మీద పేరుస్తున్నాను. నీ మూడో నిలువు నల్లమట్టిలోవి వేరే జాతులు. ఉప్పునీరూ మంచినీరూ కలిసే చోట బతికేవి. అంటే మీ వంటపాక ఉన్నచోట ఒకప్పుడు మొగ ఉండేది మావా, పడవలు తిరిగేంత నీరు! దాని మీద వేలెడు మందాన ఇసకలో లోతు సముద్రపు చిప్పలు విరిగి పడున్నాయి. ఏదో పెద్ద తుఫాను తెచ్చి విసిరి ఉంటుంది. తిత్లీ చూసిన మనకి ఆ మాట నమ్మడం కష్టం కాదు.

ఈ పురుగులతో నీ నుయ్యి పేరు ఎక్కడెక్కడికి పోతుందో చూడు.

నువ్వడిగినదానికి తీరిగ్గా రాస్తాను. నెలాఖరుకి ఒక సమావేశంలో ఇవన్నీ చూపించాలి, ఊపిరాడటం లేదు. ఒక్క సందేహం మాత్రం ఇప్పుడే తీర్చు. నిలువంటే ఎన్ని సెంటీమీటర్లు? నీ ఎత్తే అనుకుని నూట అరవై ఎనిమిది వేశాను. సారు ఒప్పుకోవడం లేదు. "నిలువు సరేనమ్మా, ఎవరి నిలువు?" అంటున్నారు.

ఆనందంతో కళ్లు మండుతున్న
ప్రమోదిని


అక్కుపల్లి,
మార్చి 2.

ప్రమోదినికి,

ఉత్తరం అందింది. రెండు సార్లు చదివాను. అది వచ్చేసరికి నేను పలాసలో ఉన్నాను, పక్కింటి వైకుంఠరావు తీసుకుని చదివాడట. పోనీ.

తీరిగ్గా రాయక్కర్లేదు. నేనడిగింది తెలిసింది.

పురుగుల సంగతి నేను చూసుకుంటాను. నువ్వు చదువు చూసుకో. మీ అత్తకి చెప్పలేదు.

నిలువంటే నిలువే.

కూర్మారావు


విశాఖపట్నం,
మార్చి 10.

మావా,

చూసుకుంటానన్నావు, అంతకన్నా ఏం కావాలి! వాటికి పెద్దగా సేవలేమీ అక్కర్లేదు. నూతి మీద కొబ్బరాకుల నీడ పోనివ్వకు, అడుగు మరీ కెలకనివ్వకు, చాలు.

సమావేశంలో నా చిప్పల బొమ్మలు చూసి ఒక పెద్దాయన నా పేరు అడిగి రాసుకున్నాడు. ఇంకొకాయన "ఉద్దానమా? కిడ్నీల ఊళ్లా?" అన్నాడు. మన ప్రాంతం పేరు వింటే వీళ్లకి ఇంకేదీ గుర్తురాదు. అక్కడి నీళ్లలో ఇంత బతుకు ఉందని చూపించాను కదా, ఇంక ఆ మాట అనరులే అనుకున్నాను.

ఉగాది వెళ్లాక సారు మీ నుయ్యి చూడటానికి వస్తామంటున్నారు. నీటి పరీక్షలు కూడా చేస్తారు. అత్తకి వంట పని పెట్టను, టెక్కలి నుంచి అమ్మ చేత పులిహోర చేయించి తెస్తాను.

సంతకం దగ్గర మావ అని లేదు, ఉత్త కూర్మారావు అని ఉంది. గంప మోస్తూ రాశావా ఏమిటి? నీళ్ల గురించి నువ్వేదో అడిగావు, ఆ ఉత్తరం జయశ్రీ పుస్తకాల్లో ఎక్కడో కలిసిపోయింది. మళ్లీ రాయవూ?

ప్రమోదిని


విశాఖపట్నం,
ఏప్రిల్ 21.

మావా,

పెద్దకర్మకి వచ్చాను. పంక్తిలో అందరికీ నువ్వే వడ్డించావు. నా విస్తరి దగ్గరికి వచ్చేసరికి గరిటె దాలయ్య చేతికిచ్చి వెళ్లిపోయావు. అత్త పోయిన దుఃఖం అనుకున్నాను. చెయ్యి కడుక్కుందామని పెరట్లోకి వెళ్తే నుయ్యి లేదు. ఇసక గుట్ట ఉంది. గిలక పక్కన పడి ఉంది. ఇంట్లో అంత జనంలో నేను ఎవరినీ ఏమీ అడగలేకపోయాను. బస్సెక్కించడానికి వచ్చినప్పుడు దాలయ్యని పట్టుకున్నాను.

"నన్నడుగుతావేటమ్మా? నువ్వే కదేటి రాసినావు, నూతి నిండా పురుగులని. వైకుంఠరావు ఈదిలో అందరికీ సదివి ఇనిపించినాడు. కిడ్నీ పురుగు దొరికీసిందన్నారు. తెల్లారితే ఒక్క బిందె రాలేదు. మీ మావ బస్తాడు బ్లీచింగు కుమ్మరించినాడు. ఆవిడ పోయిన మూడోనాడు ఇసక. నన్నూ పార పట్టమన్నాడు. తవ్విన నుయ్యి పూడ్సమంటే సేతులెలాగొత్తాయమ్మా? నాను ఎల్లిపోయినాను. ఒక్కడే పూడ్సుకున్నాడు."

బస్సులో పలాస నుంచి ఇక్కడిదాకా నా ఉత్తరాన్ని నీ కళ్లతో చదువుకుంటూ వచ్చాను. నువ్వు "నా నుయ్యి కీడు చేసిందా?" అని అడిగావు. నేను "పురుగులున్నాయి!" అని రాశాను. పైగా సంతోషపడ్డాను.

అవి పురుగులు కావు మావా. రొయ్య జాతివి, పీత జాతివి. రొయ్య అని రాయాల్సింది. మన ఇళ్లల్లో రొయ్య అంటే ఎవరు భయపడతారు? రాయడానికి అది రెండక్షరాలే. నీకు తేలిగ్గా ఉంటుందని పురుగన్నాను. అసలు నిజం, నాకు తేలిగ్గా ఉంటుందని.

నీ ఉత్తరం వెతికి పట్టుకున్నాను. ఫిబ్రవరిలోనే రాయాల్సిన జవాబు ఇది. నా చిప్పలు నీటిలో ఉప్పు ఎంతో చెప్తాయి, గాలి ఉందో లేదో చెప్తాయి, సముద్రం ఎప్పుడు వచ్చి వెళ్లిందో చెప్తాయి. మనిషి కిడ్నీకి ఏమవుతుందో చెప్పలేవు. నీ నుయ్యి తప్పు చేసిందని చెప్పలేవు. చెయ్యలేదని కూడా చెప్పలేవు. చెయ్యలేదని రాసేద్దామని కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఇంకోసారి నాకు తెలియనిది నీకు రాయకూడదని ఆగాను.

తిట్టు. కానీ రాయి.

ప్రమోదిని


అక్కుపల్లి,
మే 6.

ప్రమోదినికి,

తిట్టడానికి రెండు సార్లు కాగితం తీశాను. మీ అత్త ఉంటే "రొయ్యలైతే పులుసులోకి ఎన్ని వత్తాయో అడుగు పిల్లగుంటని" అనేది. ఆ మాట చెవిలో వినిపించి తిట్టు రాలేదు.

నీకు తెలియనిది ఒకటి ఉంది. దాలయ్యకి కూడా తెలియదు.

ఆఖరి రెండు రోజులు పలాస తీసుకెళ్లొద్దంది. డాక్టర్లు కొలిచి చెప్పిన డబ్బా నీళ్లకి మించి ఏనాడూ ఇవ్వలేదు నేను, అడిగినా ఇవ్వలేదు. ఆ రోజు మధ్యాహ్నం తనే "ఇంక కొలతేటి, మన నూతి నీరు ఒక గుక్క ఇయ్యి" అంది. నుయ్యి బ్లీచింగు కంపు కొడుతోంది. కంపు లేకపోయినా ఇచ్చేవాణ్ణి కాదు. కుళాయి నీళ్లు గ్లాసులో పోసి ఇచ్చాను. నాలిక తడిసీ తడవకుండానే పట్టేసింది.

"ఇది మనది కాదు. ఎవురింటిది తెచ్చినావు?"

మనదే అన్నాను.

నా ముఖం కేసి చూసి గ్లాసు కింద పెట్టేసింది. నూతి గురించి మీ అత్తకి నేను చెప్పిన అబద్ధం అదొక్కటే. మళ్లీ అడగలేదు. సాయంత్రానికి పోయింది.

నువ్వు తెలియదని రాశావు. మంచిదే. తెలియదు అన్న మాట ఆ ఫిబ్రవరిలో వచ్చి ఉంటే ఆ గుక్క ఇచ్చి ఉండేవాణ్ణి. అంతే నేను చెప్పేది.

నిలువు గురించి అడిగావు. అప్పుడు కోపంలో రాయలేదు. ఈ నుయ్యి తవ్వేటప్పుడు లోతు చూడాలంటే మీ అత్త గోతిలోకి దిగి చెయ్యెత్తి నిలబడేది. వేళ్ల కొస ఎక్కడికొస్తే అది ఒక నిలువు. తాడు పట్టి అక్కడ ముడి వేసేవాణ్ణి. మూడో నిలువులో ఊట ఉరికి మెడదాకా వచ్చింది. "సాలు, ఇంక తవ్వితే నానే తేల్తాను" అని అరిచింది. అక్కడ ఆపాను. తర్వాత తవ్విన నలభై రెండూ ఆ ముడుల తాడుతోనే కొలిచాను. నీ మట్టి కూడా. నువ్వేమో నా ఎత్తు వేశావు.

ఆ తాడు ఇప్పుడు లేదు. నూతిలో పడేసి దాని మీద ఇసక పోశాను.

కూర్మారావు


విశాఖపట్నం,
జూన్ 9.

మావా,

నెల రోజులు జవాబు రాయలేకపోయాను. క్షమించు అని రాస్తే నువ్వు క్షమించాననో లేదనో రాయాలి. ఆ బరువు నీ మీద పెట్టను.

జరిగింది మాత్రం చెప్తాను. నువ్వు జనవరిలో పంపిన అడుగు మట్టిలో సగం వాడాను, మిగతాది డబ్బా మూత సరిగా పెట్టక ఎండి పెంకు కట్టింది. పారేయబోతే సారు వద్దన్నారు. వీటిలో కొన్ని జాతుల గుడ్లు ఎండినా చావవట, తడి తగిలేదాకా ఏళ్ల తరబడి ఆగుతాయట. పుస్తకంలో చదివాను కానీ కంటితో చూడలేదు. గాజు సీసాలో వాననీళ్లు పోసి ఆ పెంకు వేశాను. రోజూ చూశాను, ఏమీ లేదు. నాకు ఇలాగే కావాలి అనుకున్నాను. పదకొండో రోజు పొద్దున్న ఏదో కదిలింది. దుమ్మనుకున్నాను. దుమ్ము వెనక్కి తిరిగి ఈదదు కదా.

ఇప్పుడు ఇరవై దాకా ఉన్నాయి. ఒక్కోటి చిప్ప విడుస్తోంది, కొత్తది కట్టుకుంటోంది. నీ నూతివే. నూతికి చెందినవి ఇంక ఇవే.

ఇది ఓదార్పుగా రాయడం లేదు. ఇవి బతికితే అత్త రాదు, నీ ప్రశ్న తీరదు. నీవి కాబట్టి నీకు చెప్పాలి, అంతే. సీసా పంపమంటే పంపుతాను. వద్దంటే ఇక్కడే ఉంచుతాను.

నా పట్టికలో నూట అరవై ఎనిమిది కొట్టేశాను. సారుకి నిలువు ఎవరిదో చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "ఆ గడి ఖాళీగా ఉంచు" అన్నారు. తాడు లేదన్నావు. అడగను.

ప్రమోదిని


అక్కుపల్లి,
జూన్ 24.

అమ్మడూ,

సీసా పంపకు. మన రోడ్ల మీద బస్సు కుదుపులకి అవి ఆగవు. అక్కడే ఉంచు. చచ్చిపోతే రాయి. బతికున్నా రాయి.

మొన్న మొదటి వాన పడింది. ఇసక గుట్ట నడిమికి కుంగింది. వైకుంఠరావు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "తప్పయిపోనాది బావా, సగం సదివి సగం నానే కలిపీసినాను" అన్నాడు. కూర్చోమన్నాను, కూర్చోలేదు. దాలయ్య మళ్లీ తవ్వేద్దాం అంటాడు. దిగడానికి నాకు ఓపిక ఉంది. నీళ్లు పడ్డాక ఎవరికి తాగించాలో, ఎవరికి వద్దనాలో తెలియదు. నీకూ తెలియదన్నావు. తెలిసిన రోజు చూద్దాం. అందాకా గుట్ట మీద ఎవరినీ మొక్క నాటనివ్వడం లేదు.

వంటపాకలో కసువు ఊడుస్తుంటే తల ఎత్తాను. వాసం సందున మీ అత్త దువ్వెన ఉంది. వీధి పిల్లలకి అందకుండా, చెయ్యి పూర్తిగా ఎత్తి, మునివేళ్లతో అక్కడ దోపేది. నాకన్నా పొట్టిది కదా, రోజూ ఆ చెయ్యెత్తడం చూస్తూనే ఉండేవాణ్ణి. నేల నుంచి దువ్వెన దాకా తాడు పట్టాను. రెండు సార్లు పట్టి చూశాను, రెండూ ఒకటే వచ్చాయి.

తాడు ఈ కవర్లోనే ఉంది. తడిస్తే కురచవుతుంది, పొడిగా ఉన్నప్పుడే కొలుచుకో. ఆ ఖాళీ గడి నింపు. అంకె ఎంతో నాకు రాయక్కర్లేదు.

దువ్వెన తియ్యలేదు.

మీ మావ